టీహెచ్350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను మొదటిసారి విప్పి బిగించడం ఎలా?

అమెరికాలో పాత షెవర్లే, పాంటియాక్ బళ్లు కొని శని ఆదివారాలు గరాజులో పనిచేసుకునే మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "బాక్స్ జారుతోంది. షాపుకివ్వకుండా నేనే విప్పి బాగుచేసుకోగలనా?" బండిలో ఉన్నది టర్బో హైడ్రామాటిక్ 350 అయితే చేసుకోగలరు. 1969 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ బళ్లలో వచ్చిన మూడు గేర్ల బాక్స్ ఇది. లోపల కంప్యూటర్ లేదు, కరెంటుతో పనిచేసే వాల్వులు (సోలినాయిడ్లు) లేవు. విడిభాగాలన్నీ ఇప్పటికీ దొరుకుతాయి. మొదటిసారి చేతులు పెట్టడానికి దీనికన్నా మంచి బాక్స్ లేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. మీది ఏఎంటీ కారైతే ఈ గైడ్ మీకు పనికిరాదు. దాని లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించే గుండ్రటి భాగం) ఉన్న బాక్స్ అయితే సీళ్లు, ప్లేట్లు, శుభ్రత గురించి ఇక్కడ చెప్పేవన్నీ వర్తిస్తాయి. కొలతలు మాత్రం మీ బాక్స్ మాన్యువల్లోవే తీసుకోండి.

ముందు ఇది 350యేనా చూసుకోండి

బండి కింద దూరి చాంబర్, అంటే బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, చూడండి. 13 బోల్టులుండి, దాదాపు చదరంగా ఉండి, ఒక మూల కోసినట్టుంటే 350. బాక్స్ పక్కన బయటికి బ్యాండ్ (డ్రమ్మును చుట్టి పట్టే పట్టీ) అడ్జస్ట్ చేసే స్క్రూ, దానికి లాక్ నట్టు కనిపిస్తే అది 250. చూడ్డానికి ఒకేలా ఉన్నా కిట్ వేరు. 1980 ప్రాంతం నుంచి కొన్ని బళ్లలో లాకప్ కన్వర్టర్ (జారకుండా ఇంజన్‌కు నేరుగా బిగుసుకోగల కన్వర్టర్) ఉన్న 350సీ వచ్చింది. దాని పంపు, ఇన్‌పుట్ షాఫ్ట్, కన్వర్టర్ వేరు కాబట్టి కిట్ ఆర్డర్ చేసేటప్పుడు ఆ సంగతి చెప్పాలి.

విప్పక ముందే జబ్బు కనిపెట్టండి

చాలామంది ఇక్కడే తొందరపడతారు. బాక్స్ బల్ల మీదికెక్కాక ఏ క్లచ్ జారిందో అది చెప్పదు. బండి కదులుతున్నప్పుడే ఏ గేర్లో ఏమవుతోందో కాగితం మీద రాసుకోండి.

- ముందుకు అసలు కదలదు, రివర్స్ బాగుంది: ఫార్వర్డ్ క్లచ్.
- రివర్స్ లేదు, మూడో గేరూ లేదు: డైరెక్ట్ క్లచ్.
- రెండో గేరు జారుతోంది లేదా పడడం లేదు: ఇంటర్మీడియట్ క్లచ్, లేదా డైరెక్ట్ డ్రమ్ము మీదుండే రోలర్ క్లచ్ (ఒక్క వైపే తిరగనిచ్చే క్లచ్).
- లివర్ డ్రైవ్‌లో ఉంటే మొదటి గేరు జారుతుంది, 1లో పెడితే పడుతుంది: వెనకుండే లో రోలర్ క్లచ్.
- రివర్స్ లేదు, లివర్ 1లో పెట్టినా దిగుడులో ఇంజన్ బండిని ఆపడం లేదు: లో-రివర్స్ క్లచ్.
- లివర్ 2లో ఉన్నా దిగుడులో ఇంజన్ ఆపడం లేదు, మిగతావన్నీ బాగున్నాయి: బ్యాండ్.
- మొదటి గేరు బాగుంది, రెండు, మూడు, రివర్స్ మూడూ పోయాయి: సన్ గేరును తిప్పే డ్రమ్ము లాంటి రేకు, అంటే సన్ షెల్, పళ్లు ఊడిపోయి ఉంటాయి.

దీంతోపాటు వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజన్ వాక్యూమ్‌ను బట్టి గేర్ల మార్పును సర్దే చిన్న డబ్బా) గొట్టం పీకి చూడండి. గొట్టంలో ఎర్ర ఆయిల్ ఉంటే మాడ్యులేటర్ లోపలి పొర చిరిగింది, ఇంజన్ ఆ ఆయిల్‌ను తాగేస్తోంది. గొట్టం పగిలినా, ఊడినా గేర్లు ఆలస్యంగా, దబ్బున పడతాయి. రెండు డాలర్ల గొట్టానికి బాక్స్ మొత్తం విప్పిన సందర్భాలున్నాయి. గేర్లు ఆలస్యంగా పడడమొక్కటే మీ ఇబ్బంది అయితే ముందు ఆ గొట్టం, ఆ తర్వాత గవర్నర్ (బండి వేగాన్ని బట్టి గేర్లు మార్పించే భాగం) చూడండి.

కావలసినవి

భాగాలు: కిట్ కొనేటప్పుడు పేరు గమనించండి. బ్యానర్ కిట్లో గాస్కెట్లు, సీళ్లు, ఫ్రిక్షన్ ప్లేట్లు (రాపిడి పూత ఉన్న క్లచ్ ప్లేట్లు) ఉంటాయి. మాస్టర్ కిట్లో వీటితోపాటు స్టీల్ ప్లేట్లు కూడా వస్తాయి. మొదటిసారి మాస్టర్ కిట్టే తీసుకోండి. ఫిల్టర్, బ్యాండ్, మాడ్యులేటర్, బుష్‌లు, థ్రస్ట్ వాషర్లు అందులో ఉన్నాయో లేదో అడిగి, లేనివి విడిగా కొనండి. కన్వర్టర్ కొత్తది గాని, రీబిల్డ్ చేసింది గాని తప్పనిసరి. ఎందుకో తర్వాత చెబుతాం. ఆయిల్ డెక్స్‌రాన్ రకం, 12 క్వార్టులు దగ్గర పెట్టుకోండి. బాక్స్, కన్వర్టర్ రెండూ ఎండి ఉంటే దాదాపు 10 క్వార్టులు, అంటే తొమ్మిదిన్నర లీటర్లు పడుతుంది. మిగిలింది ప్లేట్లు నానబెట్టడానికి.

పనిముట్లు: సర్క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) ప్లయర్లు లోపలివీ బయటివీ, అంగుళం-పౌండ్ల చిన్న టార్క్ రెంచ్, అడుగు-పౌండ్ల రెంచ్, ఫీలర్ గేజ్, అయస్కాంతం స్టాండుతో డయల్ గేజ్, రబ్బరు ముక్కున్న గాలి గన్, కంప్రెసర్, పంపు లాగడానికి స్లైడ్ హ్యామర్ (కడ్డీ మీద జారే బరువుతో లాగే పనిముట్టు). క్లచ్ స్ప్రింగులు నొక్కే కంప్రెసర్ అద్దెకు దొరక్కపోతే పొడవాటి మర కడ్డీ, రెండు మందపాటి ఇనుప పట్టీలు, నట్టులతో ఇంట్లోనే చేసుకోవచ్చు. ట్రాన్స్‌మిషన్ జాక్ మాత్రం అద్దెకైనా తెచ్చుకోండి. ఈ బాక్స్ ఆయిల్ లేకుండానే 120 పౌండ్లకు అటూఇటూగా, అంటే 54 కిలోల దాకా ఉంటుంది. గుండెల మీద పెట్టుకుని దింపే బరువు కాదు.

ఇంకా కావలసినవి: వాజలైన్, పోగులు ఊడని కాగితపు తువ్వాళ్లు, అరడజను బేకింగ్ ట్రేలు, ఫొటోలు తీయడానికి ఫోను.

జాగ్రత్త: బండి కింద జాక్ స్టాండ్లు లేకుండా దూరకండి. బ్యాటరీ తీసేయండి. స్ప్రింగులు నొక్కేటప్పుడు, గాలి కొట్టేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తీయకండి.

విప్పడం

1. బాక్స్ దింపేటప్పుడు కన్వర్టర్‌ను ఫ్లెక్స్ ప్లేటుకు (ఇంజన్ వెనకుండే పల్చటి ఉక్కు చక్రం) పట్టించే మూడు బోల్టులు ముందు తీసి, కన్వర్టర్‌ను బాక్స్‌తోపాటే వెనక్కి రానివ్వండి. అది ఇంజన్‌కు అతుక్కుని ఉండగా బాక్స్ లాగితే పంపు సీలు, బుష్ రెండూ పాడవుతాయి.

2. కన్వర్టర్ తీసి, బాక్స్ బయటంతా కడిగేయండి. బయటి మట్టి ఒక్క రవ్వ కూడా లోపలికి పోకూడదు. తర్వాత చాంబర్ విప్పి అడుగున పేరుకున్నది వేలితో తీసి చూడండి. సన్నటి బూడిదరంగు పేస్టు మామూలే. నల్లటి పొట్టు క్లచ్ ప్లేట్లది. పసుపు మెరుపు బుష్‌లది, వాషర్లది. గట్టి ఇనుప ముక్కలు దొరికితే ప్లానెటరీ గేర్లు (సన్ గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్లు) గాని, రోలర్ క్లచ్ గాని విరిగాయి, అవి కిట్లో రావు. కిట్ డబ్బు కట్టకముందే ఇది తెలుసుకోవడం మంచిది.

3. మాడ్యులేటర్, వైరు క్లిప్పుతో పట్టి ఉండే గవర్నర్, స్పీడోమీటర్ గేరు, వెనక తోక హౌసింగ్ తీసేయండి. గవర్నర్‌ను దాని రంధ్రంలో తిప్పి, పక్కకు ఊపి చూడండి. తేలిగ్గా తిరగాలి, ఊగకూడదు. ఈ బాక్సుల్లో ఆ రంధ్రం అరిగిపోవడం తరచూ కనిపించే లోపం. అరిగితే ఎంత మంచి క్లచ్‌లు వేసినా గేర్లు ఆలస్యంగానే పడతాయి. లేత్ షాపులో బుష్ వేయించాలి.

4. ఫిల్టర్, తర్వాత వాల్వ్ బాడీ (ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వుల దిమ్మ) తీయండి. దించేటప్పుడు మాన్యువల్ వాల్వును లివర్‌కు కలిపే చిన్న లింకు జారిపోతుంది, పట్టుకోండి. పైనున్న రంధ్రాల ప్లేటును నెమ్మదిగా ఎత్తండి. కేసు కాలవల్లో ఉక్కు గోళీలుంటాయి. చాలా బాక్సుల్లో అవి నాలుగు. ఎక్కడెక్కడ ఉన్నాయో కదపకముందే ఫొటో తీయండి. మీ దాంట్లో ఎన్ని ఉంటే అన్నే, ఎక్కడుంటే అక్కడే తిరిగి పెట్టాలి.

5. బాక్స్‌ను నిలబెట్టి పంపు ఎనిమిది బోల్టులు విప్పండి. పంపు ముఖం మీద 3/8-16 మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి. వాటికి స్లైడ్ హ్యామర్లు బిగించి రెండు వైపులా సమానంగా లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అల్యూమినియం కేసు గీసుకుపోతుంది, ఆ గీత నుంచి జీవితాంతం కారుతుంది.

6. ఇక పైనుంచి వచ్చేవి వచ్చినట్టు తీయండి: ఇంటర్మీడియట్ ప్లేట్లు, బ్యాండ్, డైరెక్ట్ డ్రమ్ము, ఫార్వర్డ్ డ్రమ్ము ఇన్‌పుట్ షాఫ్ట్‌తో సహా, ముందు రింగ్ గేరు, సర్క్లిప్ తీశాక ముందు ప్లానెటరీ, సన్ గేరు, షెల్, మళ్లీ సర్క్లిప్, లో రోలర్ సపోర్ట్, లో-రివర్స్ ప్లేట్లు, చివరగా వెనక ప్లానెటరీ, అవుట్‌పుట్ షాఫ్ట్. ఒక్కో గుంపు ఒక్కో ట్రేలో, వచ్చిన వరసలోనే, వచ్చిన ముఖం పైకి ఉండేలా పెట్టండి. మధ్యలో వచ్చే వాషర్లు పల్చగా ఉండి పక్క భాగానికి అతుక్కుపోతాయి. ప్రతి భాగాన్ని తిప్పి వెనక చూడండి. బల్ల మీదున్న ప్రతి వాషర్‌కూ ఏ రెండు భాగాల మధ్య నుంచి వచ్చిందో చీటీ ఉండాలి.

కడగడం, చూడడం

కేసును, డ్రమ్ములను కిరసనాయిలు లాంటి సాల్వెంట్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టండి. ప్రతి ఆయిల్ రంధ్రంలోకీ గాలి కొట్టి అవతలి నుంచి వస్తోందో లేదో చూడండి. పాత గుడ్డ పీలికలతో తుడవకండి. వాటి పోగు ఒక్కటి వాల్వులో ఇరుక్కుంటే గేరు పడదు, ఎందుకు పడలేదో వెతకడానికి మళ్లీ చాంబర్ విప్పాలి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లకు నీళ్లు, సాల్వెంట్ తగలనివ్వకండి.

డ్రమ్ములకు పగుళ్లు, షెల్ పళ్లకు అరుగుదల, ప్లానెటరీ పిన్నులకు ఊగుదల చూడండి. స్టీల్ ప్లేట్ల మీద నీలం మచ్చలుంటే అవి కాలాయి, వాడకండి. పంపు గేర్లు, అవి తిరిగే గుంట గోరుకు తగిలేంతగా గీతలు పడి ఉంటే పంపు మార్చాల్సిందే. పంపు బుష్, తోక బుష్ కొట్టడానికి సరైన డ్రైవర్ లేకపోతే ఆ రెండూ షాపులో వేయించుకోండి, అందులో తప్పేమీ లేదు.

రోలర్ క్లచ్‌లు రెండింటినీ చేత్తో తిప్పండి. డైరెక్ట్ డ్రమ్మును పట్టుకుని, ముందు నుంచి చూస్తూ ఇంటర్మీడియట్ రోలర్ బయటి రేసును తిప్పితే గడియారానికి ఎదురుగా మాత్రమే తిరగాలి. లో రోలర్‌లో లోపలి రేసు గడియారం తిరిగే వైపు మాత్రమే తిరగాలి. రెండు వైపులా తిరిగితే రోలర్లు తలకిందులుగా పడ్డాయి, లేదా స్ప్రింగులు పోయాయి.

వాల్వ్ బాడీ విప్పాలా వద్దా అని అడుగుతారు. క్లచ్ కాలిన బాక్స్ అయితే విప్పి కడగాలి. ఒకసారికి ఒక్క రంధ్రంలోవి మాత్రమే తీసి, వరసగా పెట్టి, కడిగి, తిరిగి పెట్టాక రెండోదానికి వెళ్లండి. ఆయిల్ పూసిన వాల్వ్ తన బరువుకు తానే జారాలి. స్ప్రింగులు కలిస్తే విడదీయడం చాలా కష్టం.

క్లచ్‌లు కట్టడం

బాక్స్ బతుకంతా ఇక్కడే ఉంది. మొదటిసారి చేసినవి తిరిగి విప్పాల్సి రావడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం మడతపడిన ఒక్క రబ్బరు సీలు.

7. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బిగించే ముందు కనీసం అరగంట ఆయిల్లో ముంచి ఉంచండి. రాత్రంతా నానినా మంచిదే. పొడిగా వేస్తే మొదట్లోనే కాలిపోయే ప్రమాదం ఉంది.

8. పాత సీళ్లు తీసేటప్పుడే పెదవి ఎటు తిరిగి ఉందో చూడండి. పెదవి ఎప్పుడూ ఆయిల్ ఒత్తిడి వచ్చే వైపు చూడాలి. క్లచ్ డ్రమ్ములో అంటే డ్రమ్ము అడుగు వైపు, ప్లేట్లకు వీపు పెట్టి. డైరెక్ట్ డ్రమ్ములో పిస్టన్‌కు లోపల, బయట కాక డ్రమ్ము మధ్య మెడ మీద ఇంకో సీలు ఉంటుంది. దాన్ని మరిచిపోతే మూడో గేరు జారుతుంది.

9. పిస్టన్ దింపడం. డ్రమ్ము గోడకు, సీలుకు, పిస్టన్‌కు ఆయిల్ బాగా రాయండి. పిస్టన్‌ను నిటారుగా దించితే సీలు పెదవి డ్రమ్ము అంచుకు తగిలి వెనక్కి మడతపడుతుంది. బయటికి ఏమీ కనబడదు. కాబట్టి పిస్టన్ అంచు డ్రమ్ములోకి పోగానే ఆగండి. అంచులు నున్నగా రుద్దిన 0.25 మి.మీ. ఫీలర్ బ్లేడుతో, లేదా సన్నటి పియానో తీగను ఉచ్చులా వంచి చేసిన పనిముట్టుతో, సీలు పెదవిని లోపలికి నొక్కుతూ డ్రమ్ము చుట్టూ ఒక చుట్టు తిరగండి. రెండో చేత్తో పిస్టన్‌ను తేలిగ్గా నొక్కుతూ, కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండండి. పెదవి మొత్తం లోపలికి పోయిన క్షణంలో పిస్టన్ మెత్తగా ఒక మెట్టు దిగినట్టు కిందికి జారుతుంది. ఆ జారుడు రాకముందే అరచేత్తో గుద్దితే సీలు తెగుతుంది. దిగాక పిస్టన్‌ను చేత్తో తిప్పితే పట్టుతో, గరగరలేకుండా తిరగాలి. ఎక్కడైనా తట్టుకుంటే తీసి సీలు చూడండి. కిట్లో ఒక్క సీలే ఉంటుంది కాబట్టి తొందర వద్దు.

10. స్ప్రింగులు, రిటైనర్, సర్క్లిప్ వేసి, స్టీల్ ఒకటి ఫ్రిక్షన్ ఒకటి చొప్పున ప్లేట్లు పేర్చండి. ప్లేట్ల లెక్క డ్రమ్మును బట్టి మారుతుంది, విప్పినప్పుడు ఎన్ని వచ్చాయో అన్నే వేయండి. పై సర్క్లిప్ పెట్టాక ప్రెషర్ ప్లేటుకూ సర్క్లిప్‌కూ మధ్య ఫీలర్ గేజ్ దూర్చి ఖాళీ కొలవండి. ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకు దాదాపు 0.25 మి.మీ. లెక్కన వేసుకోండి, అంటే నాలుగు ప్లేట్లకు సుమారు 1 మి.మీ. ఖాళీ తక్కువైతే క్లచ్ వదలకుండా రాసుకుంటూ కాలుతుంది. ఎక్కువైతే గేరు ఆలస్యంగా, దబ్బున పడుతుంది. మందం తేడాతో వచ్చే స్టీల్ ప్లేట్లతో సరిచేయాలి.

11. గాలి పరీక్ష. కంప్రెసర్‌ను 40 పీఎస్ఐకి తగ్గించి, డ్రమ్ము ఆయిల్ రంధ్రంలో గాలి కొట్టండి. మిగతా రంధ్రాలు వేళ్లతో మూయండి. ప్లేట్లు "టక్" మని బిగుసుకోవాలి, గాలి తీయగానే వదలాలి. కొంచెం బుస్సుమన్నా ఫరవాలేదు. టక్ వినపడకుండా బుస్సే వస్తుంటే సీలు పోయింది. డ్రమ్ము బల్ల మీద ఉన్నప్పుడే ఇది చేయండి, బాక్స్ బండికెక్కాక కాదు.

కేసులో పేర్చడం

12. విప్పిన వరసకు సరిగ్గా ఎదురు వరసలో వెళ్లండి. ముందు లో-రివర్స్ పిస్టన్. ఇది కేసు అడుగున లోతుగా ఉంటుంది. స్ప్రింగులు నొక్కడానికి మీరు చేసుకున్న మర కడ్డీ కేసు మధ్య గుండా పోతుంది. వాషర్లను వాజలైన్‌తో అతికించండి. మామూలు గ్రీజు వాడకండి. గ్రీజు ఆయిల్లో కరగదు, సన్నటి రంధ్రాలను మూసేస్తుంది.

13. రోలర్ సపోర్ట్, సర్క్లిప్, సన్ షెల్, ముందు ప్లానెటరీ, దాని సర్క్లిప్, రింగ్ గేరు అయ్యాక, ఫార్వర్డ్ డ్రమ్ము, డైరెక్ట్ డ్రమ్ము రెండింటినీ బయటే ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టండి. ప్లేట్ల పళ్లు ఒక్కొక్కటే పడుతుంటే డ్రమ్ము ఒక్కో మెట్టు దిగుతుంది. తర్వాత రెండూ కలిపి కేసులోకి దించి, ఇటూ అటూ తిప్పుతూ షెల్ పళ్లు డైరెక్ట్ డ్రమ్ము గాడుల్లో పూర్తిగా పడేదాకా ఆగండి.

14. బ్యాండ్, ఇంటర్మీడియట్ ప్లేట్లు, కొత్త పంపు గాస్కెట్ వేయండి. పంపు రెండు సగాలను కలిపేటప్పుడు బయటి అంచులు సమంగా ఉండాలి. పెద్ద హోస్ క్లిప్ చుట్టి బిగించి, అప్పుడు పంపు బోల్టులు బిగించండి. పంపు బయటి సీలుకు వాజలైన్ రాసి కేసులోకి దింపండి.

15. పంపు బోల్టులు వేళ్లతో పెట్టి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పండి. ప్రతి దఫా ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా బిగుసుకుంటే వెంటనే ఆపి పంపు మళ్లీ తీయండి, ఏదో ఒక ప్లేటు పడలేదన్నమాట. బోల్టుల బలంతో పంపును కిందికి లాగితే ప్లేటు వంగుతుంది, పంపు పగులుతుంది. చివరి బిగింపు 18 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 25 న్యూటన్ మీటర్లు.

16. ఎండ్ ప్లే, అంటే షాఫ్ట్ పొడవునా కదిలే ఖాళీ. డయల్ గేజ్‌ను ఇన్‌పుట్ షాఫ్ట్ చివర పెట్టి, షాఫ్ట్‌ను పైకి లాగి, కిందికి నొక్కి కొలవండి. 0.010 నుంచి 0.044 అంగుళాలు, అంటే 0.25 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉండాలి. తేడా ఉంటే పంపు వెనకుండే థ్రస్ట్ వాషర్ మందం మార్చాలి.

17. గోళీలు ఫొటో చూసి పెట్టండి. కిట్లో ఒకేలా కనిపించే గాస్కెట్లు రెండు మూడుంటాయి. పాతదాని మీద కొత్తది పెట్టి రంధ్రం రంధ్రం సరిచూడండి. వీటికి సిలికాన్ రాయకండి, పిండుకుని బయటికొచ్చి లోపల తిరుగుతుంది. వాల్వ్ బాడీ బోల్టులు మధ్య నుంచి బయటికి, 13 అడుగు-పౌండ్లు. మాన్యువల్ వాల్వ్ లింకు లివర్‌కు తగిలిందో లేదో చూడండి. అది మరిచిపోతే లివర్ కదులుతుంది, బండి కదలదు. ఫిల్టర్, చాంబర్ వేసి మూసేయండి.

కన్వర్టర్, కూలర్

పాత కన్వర్టర్‌ను కడగలేం. పాత క్లచ్‌ల పొట్టంతా దాని కడుపులోనే ఉంటుంది, మొదటి నిమిషంలోనే కొత్త బాక్స్‌లోకి వస్తుంది. అందుకే అది మార్చాలి. రేడియేటర్లోని కూలర్ గొట్టాలదీ అదే సంగతి. ఫ్లష్ డబ్బాతో కడిగి, గాలి కొట్టి, శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా వదలకండి.

18. కొత్త కన్వర్టర్లో ఒక క్వార్టు ఆయిల్ పోసి, బాక్స్ ముందు షాఫ్ట్‌ల మీదికి ఎక్కించి తిప్పుతూ లోపలికి తోయండి. అది మూడుసార్లు దిగాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ మీద ఒకసారి, పంపు మెడ మీద ఒకసారి, పంపు గేరు పళ్లలో ఒకసారి. రెండుసార్లే దిగితే చూడ్డానికి కూర్చున్నట్టే ఉంటుంది. ఆ స్థితిలో బాక్స్‌ను ఇంజన్‌కు బిగిస్తే పంపు గేరు ఇంజన్ స్టార్ట్ చేయకముందే పగులుతుంది.

19. బాక్స్ ఇంజన్‌కు ఆనుకున్నాక, బోల్టులు పూర్తిగా బిగించకముందు కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి. ఫ్లెక్స్ ప్లేటుకూ కన్వర్టర్‌కూ మధ్య 3 నుంచి 5 మి.మీ. ఖాళీ ఉండి, కన్వర్టర్‌ను ముందుకు లాగి బోల్టులకు పట్టించేలా ఉండాలి. ఖాళీ లేకపోతే మళ్లీ దింపండి. బోల్టులతో బాక్స్‌ను ఇంజన్ వైపు లాక్కోవద్దు.

మొదటి స్టార్ట్

20. ముందు నాలుగైదు క్వార్టులు పోయండి. వెనక చక్రాలు స్టాండ్ల మీద గాలిలో ఉంచి, స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే ఉంచి, వెంటనే మిగతా ఆయిల్ పోస్తూ ఉండండి. పంపు గాలి పీలిస్తే గీకినట్టు శబ్దం వస్తుంది. ఆ శబ్దం రాగానే ఆపి ఆయిల్ చూడండి. బ్రేక్ నొక్కి, లివర్‌ను అన్ని స్థానాల్లోకీ ఒక్కోచోట కొన్ని సెకన్లు ఉంచుతూ తిప్పండి. డ్రైవ్‌లో, రివర్స్‌లో రెండు సెకన్లలోపే పట్టాలి.

21. కూలర్ నుంచి తిరిగివచ్చే గొట్టాన్ని ఒక డబ్బాలో పెట్టి చూడండి. ఐడిల్‌లో 20 సెకన్లకు ఒక క్వార్టు రావాలి. తక్కువ వస్తే కూలర్ మూసుకుపోయింది, లేదా పంపు బలహీనంగా ఉంది. ఈ పరీక్ష చేసేటప్పుడు తగ్గిన ఆయిల్ తిరిగి పోయడం మరవకండి.

22. లెవెల్ ఎప్పుడూ ఇంజన్ నడుస్తుండగా, పార్క్‌లో, చదునైన చోట చూడాలి. చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ మీద యాడ్ గీతకు పావు అంగుళం కింద ఉంటే సరిపోతుంది, వేడెక్కాక ఫుల్ దగ్గరికి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడే ఫుల్ దాకా పోస్తే వేడెక్కాక పొంగి, నురగ కట్టి, గాలి పైపు నుంచి బయటికి కారుతుంది.

రోడ్డు మీద ఏం చూడాలి

ఇంటి దగ్గరి వీధుల్లోనే తిప్పండి. యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కితే గంటకు 30 మైళ్లు దాటేలోపే మూడో గేరులో ఉండాలి, వెనక యాక్సిల్ రేషియోను బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. గేరు మారేటప్పుడు ఇంజన్ మోత ఒక్కసారిగా పెరిగి పడిపోతే ఆ గేరు క్లచ్ జారుతోంది. అక్కడితో ఆపండి, "సర్దుకుంటుందేమో" అని తిప్పితే కొత్త ప్లేట్లు కూడా కాలతాయి. గేర్లన్నీ ఆలస్యంగా, దబ్బున పడుతుంటే క్లచ్‌ల జోలికి వెళ్లకండి, వాక్యూమ్ గొట్టం సరిగ్గా తగిలిందో లేదో చూడండి. రెండో గేరు అసలు రాకపోతే గవర్నర్ ఇరుక్కుందేమో చూడండి. దాన్ని తీయడానికి బాక్స్ దింపాల్సిన పనిలేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా కిందిగేరుకు రాకపోతే కిక్‌డౌన్ కేబుల్ వదులుగా ఉంది. ఈ బాక్స్‌లో ఆ కేబుల్ పని కిక్‌డౌన్ వరకే, కాబట్టి సరిచేసేదాకా బండి నడపొచ్చు. తర్వాత వచ్చిన నాలుగు గేర్ల 700ఆర్4 బాక్స్‌లో కేబుల్ తప్పుగా ఉంటే క్లచ్‌లు కాలతాయి, రెండింటినీ ఒకేలా చూడకండి.

500 మైళ్లు తిరిగాక చాంబర్ దించి చూడండి. కొంచెం బూడిదరంగు పేస్టు ఉంటుంది, అది కొత్త ప్లేట్ల మొదటి అరుగుదల. తుడిచి, ఫిల్టర్ మార్చి, కొత్త గాస్కెట్ వేసి, తగ్గిన ఆయిల్ పోయండి. మెరిసే ముక్కలు గాని, మాడు వాసన గాని ఉంటే ఆ ముక్కలు పారేయకుండా ఒక చిన్న సంచిలో దాచి, మీరు విప్పేటప్పుడు తీసుకున్న ఫొటోల పక్కన పెట్టి చూడండి. ఏ భాగం నుంచి ఊడాయో వాటి రంగు, ఆకారమే చెబుతాయి.